అప్పులు తీరుస్తుండగా కారు చెడిపోతే: ఏ డబ్బు వాడాలి, ఏది తాకకూడదు

విజయవాడలో కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా మా కారు ఇంజిన్ అరుపు పెరిగింది గానీ వేగం పెరగలేదు. అది తొమ్మిదేళ్ల నాటి డీజిల్ కారు. కాసేపటికి కాలిన వాసన కూడా రావడంతో క్లచ్ జారుతోందని అర్థమైంది. నాలుగు రోజుల తరువాత గేర్‌బాక్స్ దించిన మెకానిక్ పాత క్లచ్ ప్లేటును నా చేతిలో పెట్టాడు. దాని మీది పొర రివెట్ల తలల దాకా అరిగిపోయి ఉంది, ప్రెషర్ ప్లేటు మీద వేడికి నీలి మచ్చలు తేలి ఉన్నాయి. అంతకు ముందే కంపెనీ సర్వీస్ సెంటర్ వారు ఇచ్చిన ఎస్టిమేట్ 48,600 రూపాయలు. అప్పటికి నేను ఒక క్రెడిట్ కార్డు బాకీని నెలవారీ వాయిదాలుగా మార్చుకుని కడుతున్నాను; మరొక వ్యక్తిగత రుణాన్ని బ్యాంకుతో మాట్లాడి సెటిల్‌మెంట్ (బాకీలో కొంత తగ్గించుకుని తెంచుకునే ఒప్పందం) చేసుకున్నాను, అందులో ఇంకా రెండు విడతలు మిగిలి ఉన్నాయి. వాటిలో ఒక విడతగా పదో తేదీకి 22,000 కట్టాలి. ఆ డబ్బు కాక చేతిలో అదనంగా ఉన్నది 9,000.

ఇలాంటి స్థితిలో చాలామంది మొదట వేసుకునే ప్రశ్న "డబ్బు ఎవరిస్తారు?" అన్నది. నా అనుభవంలో అది మూడో ప్రశ్న కావాలి. ఇప్పుడు నడుస్తున్న వాయిదా తప్పితే ఏమవుతుందన్నది మొదటి ప్రశ్న, ఈ బిల్లులో ఈ నెలే చేయించవలసినది ఎంతన్నది రెండోది. ఈ రెండూ తేలిన తరువాత అప్పు ఎక్కడ తేవాలన్న ఎంపిక చాలా చిన్నదవుతుంది, ఒక్కోసారి ఆ అవసరమే ఉండదు.

వాయిదా ఏ రకమో తెలియకుండా దాన్ని కదపకూడదు

వాయిదాలన్నీ ఒకేలా ఉండవు. ఒకటి తప్పితే జరిమానాతో పోతుంది, మరొకటి తప్పితే మొత్తం ఒప్పందమే పోతుంది. సెటిల్‌మెంట్ ఈ రెండో కోవకు చెందినది. బ్యాంకు ఇచ్చే సెటిల్‌మెంట్ లేఖలో, చెప్పిన తేదీలకు చెప్పిన మొత్తం కట్టకపోతే ఇచ్చిన తగ్గింపు రద్దవుతుందనీ, పూర్తి బాకీ తిరిగి వసూలు చేసుకుంటామనీ సాధారణంగా రాసి ఉంటుంది. మూడు లక్షల బాకీని లక్షన్నరకు తెంచుకున్నవారు చివరి విడతను క్లచ్ కోసం ఆపితే, 22,000 మిగుల్చుకుందామనుకుని లక్షన్నర నెత్తిన వేసుకున్నట్లే. కాబట్టి సెటిల్‌మెంట్ విడత డబ్బు మీ చేతిలో ఉన్నా అది మీది కాదనుకోవాలి.

కార్డు బాకీని ఈఎంఐగా మార్చుకున్నవారి సంగతి కొంచెం వేరు. ఆ నెల ఈఎంఐ పూర్తిగా కనీస చెల్లింపులో కలిసిపోతుంది కాబట్టి అది కట్టకపోతే ఆలస్య రుసుముతో పాటు, కట్టని మొత్తం మీద కార్డు సాధారణ వడ్డీ మొదలవుతుంది. వ్యక్తిగత రుణాల్లో, వాహన రుణాల్లో వాయిదా ఖాతా నుంచి తనంతట తానే కోతపడుతుంది. ఆ రోజు నిల్వ లేకపోతే ఖాతా ఉన్న బ్యాంకూ రుణమిచ్చిన సంస్థా రెండూ విడివిడిగా ఛార్జీ వేస్తాయి. పైగా ఇలా ఎలక్ట్రానిక్ చెల్లింపు నిధుల్లేక తిరిగి వెళ్లడం 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టంలోని 25వ సెక్షన్ కింద చెక్కు బౌన్సు లాంటి నేరమేనన్న సంగతి చాలామందికి తెలియదు. ఒకటి రెండు రోజుల ఆలస్యానికి ఎవరూ కోర్టుకు వెళ్లకపోవచ్చు, కానీ "ఈ నెల పోనీలే" అనుకునేంత తేలిక వ్యవహారం మాత్రం కాదు.

రుణదాతకు తేదీకి ముందే చెప్పడానికీ, తేదీ దాటాక చెప్పడానికీ చాలా తేడా ఉంది. తేదీకి వారం ముందు, కారు ఎస్టిమేట్ కాగితాన్ని జతచేసి, "ఈ నెల వాయిదాను పదిహేను రోజులు జరపగలరా?" అని ఈమెయిల్‌లో అడిగితే ఒప్పుకుంటారన్న హామీ లేదు, అయినా అడగడానికి ఖర్చేమీ లేదు. ఒప్పుకుంటే ఆ మాట లిఖితపూర్వకంగా తీసుకోవాలి. ఫోనులో చెప్పిన సర్దుబాటు తరువాతి నెల మరో ఉద్యోగి ఫోను చేసేసరికి ఆవిరైపోతుంది. జరిమానా విషయంలో రుణగ్రహీతకు అనుకూలమైన మార్పు ఒకటి 2024లో అమల్లోకి వచ్చింది. రుణాలపై అపరాధ వడ్డీని అసలులో కలిపి దానిపై మళ్లీ వడ్డీ వేయడానికి వీల్లేకుండా, అపరాధ రుసుమును విడిగా మాత్రమే చూపాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. అది క్రెడిట్ కార్డులకు వర్తించదు. రుణం వాయిదాను పది రోజులు జరపడం కంటే కార్డు వాయిదాను జరపడం ఖరీదైనదని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

బిల్లును ముందు కోయాలి

ఎస్టిమేట్ అంటే తీర్పు కాదు. నాకిచ్చిన 48,600లో క్లచ్ సెట్టు, ఫ్లైవీల్ (ఇంజిన్ వైపున క్లచ్ ప్లేటు ఆనే బరువైన చక్రం) మార్పు, గేర్‌బాక్స్ ఆయిల్, లేబర్ ఛార్జీలతో పాటు ఇంజిన్ ఫ్లష్, ఏసీ క్రిమి సంహారం, అడుగుభాగానికి పూత, ఇంజెక్టర్ క్లీనింగ్ అని నాలుగు వరుసలు ఉన్నాయి. ఆ నాలుగూ కలిపి 7,800. మింగ మెతుకు లేనివాడికి మీసాలకు సంపెంగ నూనె అవసరమా అని నవ్వుకుని వాటిని కొట్టేయమన్నాను. సర్వీస్ అడ్వైజరు ఏమీ అనలేదు, కొట్టేశాడు. అడగనంతవరకే అవి ఉంటాయి.

ఆ తరువాతి కోత జాగ్రత్తగా వేయాలి, ఎందుకంటే అన్ని పొదుపులూ పొదుపులు కావు. క్లచ్ పనిలో అసలు శ్రమంతా గేర్‌బాక్స్ దించి మళ్లీ ఎక్కించడంలోనే ఉంటుంది. ప్లేటు ఒక్కటే మార్చి, ప్రెషర్ ప్లేటునూ రిలీజ్ బేరింగునూ పాతవే ఉంచితే ఆ రోజు కొన్ని వేలు మిగులుతాయి గానీ, ఆరు నెలలకు బేరింగ్ అరవడం మొదలైతే మళ్లీ అదే లేబర్ ఛార్జీ కట్టి గేర్‌బాక్స్ దించాలి. ఆ మూడూ కలిపి మార్చడమే సరైనది. ఫ్లైవీల్ సంగతి అలా కాదు. మామూలు ఫ్లైవీల్ అయితే, పగుళ్లు లేకుండా పైపైన గీతలు మాత్రమే పడి ఉంటే, లేత్ మీద పట్టించి నునుపు చేసి మళ్లీ వాడుకోవచ్చు. అది మార్చాలా, నునుపు చేస్తే చాలా అన్నది విప్పి చూస్తే తప్ప తెలియదు కాబట్టి, విప్పకముందే ఎస్టిమేట్‌లో కొత్త ఫ్లైవీల్ రాశారంటే ప్రశ్నించవలసిందే.

కంపెనీ సర్వీస్ సెంటరా, బయటి షెడ్డా అన్న ఎంపికలో నేను బయటి షెడ్డు వైపే మొగ్గుతాను, వారంటీ గడిచిన కారు అయితే. మా ఊళ్లో ఆటోనగర్ ఉండడం ఒక వరం. లారీ ఛాసిస్ దగ్గర నుంచి చిన్న రబ్బరు బుష్ దాకా అన్నీ అక్కడే, లేత్ పనివారూ స్పేర్ పార్టుల దుకాణాలూ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటారు. క్లచ్ సెట్టును నేనే దుకాణంలో బిల్లుతో కొని షెడ్డులో ఇచ్చాను. కార్ల కంపెనీలకు క్లచ్‌లు సరఫరా చేసే తయారీదారులే అదే సరుకును తమ సొంత పెట్టెలో బయట కూడా అమ్ముతారు, ధర తక్కువ. అలాగని పెట్టె మీద పేరు చూసి మోసపోకూడదు. నకిలీలు కూడా అంతే ధారాళంగా దొరుకుతాయి కాబట్టి, జీఎస్టీ బిల్లు ఇవ్వనివారి దగ్గర క్లచ్, బ్రేకు, స్టీరింగ్ భాగాలు కొనవద్దు. సెకండ్ హ్యాండ్ భాగం అద్దానికో, డోరు హ్యాండిలుకో, సీటుకో పనికొస్తుంది గానీ బ్రేకుకు పనికిరాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహనాల విడిభాగాలన్నిటిపై జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా భాగాలపై 28 శాతం ఉండేది. పాత ధరల పట్టిక చూసి ఎస్టిమేట్ వేసే చోట్ల ఈ తేడా అడిగి తీసుకోవాలి.

ఇన్ని కోతల తరువాత నా బిల్లు 30,000 దగ్గర ఆగింది. డబ్బు ఎక్కడినుంచి తేవాలన్న లెక్కంతా ఈ 30,000 మీదే వేస్తాను, ఎవరి మొత్తం వారు పెట్టుకుని సరిచూసుకోవచ్చు.

అన్ని మరమ్మతులూ ఈ నెలే చేయించాలా అన్నది కూడా తేల్చుకోవాలి. బ్రేకులు, స్టీరింగ్, అరిగిన టైర్లు, కూలెంట్ కారడం, ఇంజిన్ వేడెక్కడం, టైమింగ్ బెల్టు, ఇవి ఆగవు. ముఖ్యంగా వేడెక్కే ఇంజిన్‌ను "ఇంటిదాకా పోతుందిలే" అని నడిపితే రెండు మూడు వేల రూపాయల గొట్టం పని, ఇంజిన్ పైభాగం విప్పాల్సిన హెడ్ గ్యాస్కెట్ పని అవుతుంది. ఏసీ, సొట్టలు, పెయింటు, పవర్ విండో లాంటివి ఆగుతాయి. మే నెలలో ఏసీ ఆగుతుందా అని విజయవాడవాసులు నన్ను తిట్టుకోవచ్చు, అయినా ఆగుతుందనే అంటాను.

రూపాయి వడ్డీలోకి మార్చి చూడటం

మనవాళ్లు వడ్డీని నెలకు నూటికి ఎన్ని రూపాయలని లెక్కించే పద్ధతి ఉంది కదా, బ్యాంకు కాగితాలన్నిటినీ ఆ భాషలోకి మార్చుకుంటే కళ్లు తెరుచుకుంటాయి. వీధిలో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటాం. 30,000కు నెలకు 900, ఏడాదికి 10,800. ఇప్పుడు కార్డు చూడండి. బాకీ నిల్వ ఉంచిన క్రెడిట్ కార్డు మీద నెలకు మూడున్నర శాతం వడ్డీ అనేది మామూలు రేటు. 30,000కు అది 1,050; దానిపై 18 శాతం జీఎస్టీ 189 కలిపితే 1,239. అంటే నూటికి నాలుగు రూపాయల పైచిలుకు. ఏసీ గదిలో, ప్లాస్టిక్ ముక్క మీద ఇస్తున్నారు కాబట్టి మనకు అది వడ్డీ వ్యాపారి అప్పులా కనిపించదు, అంతే. వడ్డీ వ్యాపారి మేలని కాదు నా ఉద్దేశం. ఖాళీ చెక్కులూ ప్రామిసరీ నోట్లూ రాయించుకుని, రసీదు లేకుండా వసూలు చేసే చోట రేటు ఒక్కటే ప్రమాదం కాదు.

కార్డు విషయంలో ఇంకో సూక్ష్మం ఉంది. పాత బాకీ పూర్తిగా తీరని కార్డు మీద కొత్తగా గీకితే, నలభై ఐదు రోజులో యాభై రోజులో అని చెప్పే వడ్డీ లేని గడువు వర్తించదు; గీకిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. కాబట్టి "వచ్చే నెల జీతానికి కట్టేస్తాను" అనే ధీమా, ఇప్పటికే బాకీ ఉన్నవారికి పనిచేయదు. కార్డుతో నగదు తీయడం అంతకంటే దండగ. రుసుము ముందే పడుతుంది, వడ్డీ ఆ క్షణం నుంచే.

కార్డు మీద గీకి వెంటనే ఈఎంఐగా మార్చడం వీటన్నిటికంటే నయం. ఏడాదికి 16 శాతం రేటుతో 12 నెలలకు మార్చారనుకుంటే నెలకు సుమారు 2,722 వస్తుంది. మొత్తం వడ్డీ 2,663, ఆ వడ్డీపై జీఎస్టీ 479, ప్రాసెసింగ్ రుసుము 500 అనుకుంటే దానిపై పన్నుతో 590. అన్నీ కలిపి ఏడాదికి 3,700 పైన. "నో కాస్ట్ ఈఎంఐ" అని రాసి ఉన్నా వడ్డీ భాగంపై జీఎస్టీ మాత్రం మన నుంచే వెళుతుంది. అయితే వాయిదాల్లో ఉన్నవారికి అసలు ఇబ్బంది వడ్డీ కాదు. ఈ 2,722 పాత ఈఎంఐతో పాటు కనీస చెల్లింపులో కలుస్తుంది, ఒక్క రూపాయి తగ్గినా రెండూ కలిసి చెడతాయి. నెలాఖరుకు మిగులు 3,000 కూడా లేనివారు దీని జోలికి పోకూడదు.

బంగారం దగ్గరకు వద్దాం. తాకట్టు అంటే పరువు తక్కువ అనే భావన మన ఇళ్లలో ఇంకా ఉంది, ముఖ్యంగా ఆ బంగారం భార్యదో తల్లిదో అయినప్పుడు. అడగకుండా తీసుకుపోయేవారి గురించి నేను మాట్లాడటం లేదు. ఇంట్లో ఒప్పుకుంటే మాత్రం, ఇలాంటి చిన్న, కాలపరిమితి గల అవసరానికి బ్యాంకు బంగారు రుణం కంటే తగినది నాకు కనిపించలేదు. ఏడాదికి 10 శాతం రేటుతో 30,000 తీసుకుని, నెలకు 2,500 చొప్పున అసలు తగ్గించుకుంటూ పోతే ఏడాదికి మొత్తం వడ్డీ 1,625. రూపాయి వడ్డీ భాషలో చెబితే ఎనభై మూడు పైసలు. 2025 చివరికి 22 క్యారెట్ల గ్రాము పదివేలు దాటింది కాబట్టి, విలువలో 75 శాతమే ఇస్తారనుకున్నా నాలుగైదు గ్రాముల ఉంగరం సరిపోతుంది. రెండున్నర లక్షల లోపు రుణాలకు విలువలో 85 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వ్ బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశాలిచ్చింది. వాటిని అమల్లోకి తేవడానికి పెట్టిన గడువు 2026 ఏప్రిల్ 1. ఎక్కువ ఇస్తారు కదా అని ఎక్కువ తీసుకోవడం వేరే జబ్బు.

బంగారు రుణంలో వాయిదా తేదీ మెడ మీద కూర్చోకపోవడం ఒక సౌలభ్యం, అదే దాని ఉచ్చు కూడా. ఏడాది చివర అసలూ వడ్డీ కలిపి కట్టే పద్ధతి ఎంచుకుని పదకొండు నెలలు మరిచిపోతే, పన్నెండో నెలలో 33,000 ఎక్కడినుంచో తేవాలి, లేదా వడ్డీ కట్టి తిరగరాయించాలి. తిరగరాయించడం మొదలైతే ఉంగరం ఇంటికి రాదు. నేను తీసుకున్న రోజునే, జీతం పడిన మరునాడు 2,500 ఆ రుణ ఖాతాలోకి వెళ్లేలా బ్యాంకులో ఏర్పాటు చేసుకున్నాను. బాకీ తీరాక వస్తువును ఏడు పనిదినాల్లోపు తిరిగి ఇవ్వకపోతే, ఆలస్యం రుణదాతదే అయినప్పుడు, రోజుకు 5,000 పరిహారం ఇవ్వాలని పైన చెప్పిన ఆదేశాల్లోనే ఉంది.

బంగారం లేనివారికి దాదాపు అంతే మంచి దారి ఫిక్స్‌డ్ డిపాజిట్ లేదా జీవిత బీమా పాలసీ. డిపాజిట్ మీద అప్పు సాధారణంగా దాని వడ్డీ రేటుకు ఒక శాతం ఎక్కువకు దొరుకుతుంది. చిన్న డిపాజిట్ అయితే దాన్నే రద్దు చేసుకోవడం ఇంకా సులువు. పాలసీకి సరెండర్ విలువ (మధ్యలో మానేస్తే తిరిగి వచ్చే మొత్తం) ఏర్పడి ఉంటే అందులో ఎక్కువ భాగం దాకా రుణం ఇస్తారు, నెలవారీ వాయిదా ఉండదు, మీ పాత అప్పుల చరిత్ర అడగరు. కట్టకపోతే వడ్డీ పెరిగి పాలసీని తినేస్తుంది, ఆ ఒక్కటి గుర్తుంటే చాలు.

చీటీ పాటను ఈ అవసరానికి నేను సిఫారసు చేయను. లక్ష రూపాయల చీటీని తొలి నెలల్లోనే పాతిక వేలు తోసి పాడుకుంటే చేతికి వచ్చేది 75,000. ముప్పై వేల అవసరానికి పాతిక వేలు పోగొట్టుకోవడమన్నమాట. దానికి తోడు పాట దక్కినా జామీనుదారులను తెచ్చి సంతకాలు పెట్టించేసరికి కారు షెడ్డులోనే నెల గడుస్తుంది. ఆ చీటీ చివరిదాకా ఉంచితే అప్పు తీర్చే దారుల్లో అదీ ఒకటి అయ్యేది.

ఆఫీసులో జీతం అడ్వాన్సు చాలాచోట్ల వడ్డీ లేకుండా వస్తుంది. దాని చిక్కు తేదీల్లో ఉంది. అడ్వాన్సు మొత్తం వచ్చే నెల జీతంలో ఒకేసారి కోస్తే, పదో తేదీ వాయిదాకు ఖాతా ఖాళీగా ఉంటుంది. అడిగేటప్పుడే నాలుగు నెలల్లో కోయమని అడగాలి. కుదరదంటే అంత మేరకే తీసుకోవాలి. బంధువుల దగ్గర చేబదులు కూడా ఇలాంటిదే. వడ్డీ లేదు గానీ, ఎప్పుడు తిరిగిస్తారో చెప్పని చేబదులు పెళ్లిళ్లలో ఎదురుపడినప్పుడల్లా మోసే బరువు. "బాబాయ్, నెలకు ఐదు వేల చొప్పున ఆరు నెలల్లో ఇస్తాను, మొదటిది ఉగాదికి" అని వాట్సాప్‌లో రాసి పంపితే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది.

రుణ యాప్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అప్పుల్లో ఉన్నవాడికి అవి అన్నిటికంటే ముందు కనిపిస్తాయి, అందుకే చెబుతున్నాను. 30,000 మంజూరు చేసి రుసుము పేరుతో 3,000 ముందే మినహాయించుకుంటే మీరు వాడింది 27,000, వడ్డీ కట్టేది 30,000కు. ప్రతి రిటైల్ రుణానికీ అన్ని ఛార్జీలూ కలిపిన వార్షిక రేటును చూపే కీలక వివరాల పత్రం ఇవ్వడం 2024 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి. ఆ పత్రం చూపని యాప్‌నూ, ఫోనులోని కాంటాక్టులు చదవడానికి అనుమతి అడిగే యాప్‌నూ ఆ క్షణమే తీసేయాలి. కాంటాక్టులూ కాల్ వివరాలూ చూడటాన్ని రిజర్వ్ బ్యాంకు నియమాలు అనుమతించవు.

ఇక చేతిలో ఉన్న 9,000 సంగతి. దాచుకుని మొత్తం అప్పు తేవడమా, ఖర్చుపెట్టి తక్కువ అప్పు తేవడమా? నేను మధ్యదారి పట్టాను. పొదుపు ఖాతాలో రెండున్నర, మూడు శాతానికి డబ్బు ఉంచి పది శాతానికి అప్పు తేవడం లెక్కకు నష్టమే. కానీ పూర్తిగా ఖాళీ అయితే ఆ నెలలో పిల్లాడికి జ్వరం వచ్చినా మళ్లీ కార్డే దిక్కు. అందుకని 5,000 బిల్లుకు పెట్టి 4,000 ఉంచుకున్నాను. బంగారం మీద 25,000 తెచ్చాను. పదో తేదీ విడత కదలలేదు.

ఢీకొన్న దెబ్బ అయితే బీమా లెక్క వేరు

క్లచ్ అరగడం, బేరింగ్ పోవడం లాంటి అరుగుదల మామూలు సమగ్ర బీమా కిందకు రావు. ప్రమాదం, వరద, చెట్టు పడటం వస్తాయి. వరద మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు ఇళ్ల ముందున్న కార్లు సీట్ల పైదాకా నీళ్లలో ఉన్నాయి. అలా మునిగిన కారును నీరు తీశాక స్టార్ట్ చేసి చూస్తే, సిలిండర్లలో చేరిన నీటికి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు రక్షణ తీసుకోనివారికి ఆ నష్టాన్ని బీమా సంస్థ తిరస్కరించవచ్చు. తాళం తిప్పకుండా తోయించుకుని వెళ్లడమే మార్గం.

చిన్న ప్రమాదాల్లో క్లెయిమ్ చేయాలా వద్దా అన్నదే కష్టమైన ఎంపిక. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ లేని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నాకు పడుతుంది. మీ సొంత నష్టం ప్రీమియం, అంటే మీ కారుకే జరిగే నష్టానికి కట్టేది, 8,000 అనీ, ఇప్పుడు 50 శాతం బోనస్‌తో 4,000 కడుతున్నారనీ అనుకుందాం. క్లెయిమ్ తరువాతి ఏడాది పూర్తి 8,000 కట్టాలి. ఆపై ఏటా బోనస్ 20, 25, 35, 45 శాతాలుగా మళ్లీ ఎదుగుతుంది. ప్రీమియం మారకపోతే ఐదేళ్లలో మీరు అదనంగా కట్టేది 4,000, 2,400, 2,000, 1,200, 400, మొత్తం 10,000. దీనికి చిన్న కార్లకు 1,000, 1500 సీసీ దాటినవాటికి 2,000 తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లోనూ మనమే భరించేది, కలపాలి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు జీరో డిప్రిసియేషన్ (భాగాల పాతదనానికి కోత వేయని అదనపు రక్షణ) లేకపోతే సగమే వస్తుంది. కాబట్టి 12,000 బంపరుకు క్లెయిమ్ చేయడం మామూలు రోజుల్లో తెలివితక్కువ పని. పెద్ద దెబ్బకు, అంటే పాతిక వేలు దాటినదానికి, వాయిదాల్లో ఉన్నవారు క్లెయిమ్ చేయడమే మేలు. బోనస్ నష్టం ఐదేళ్ల మీద చిన్న ముక్కలుగా వస్తుంది, వర్క్‌షాపు బిల్లు ఈ వారమే వస్తుంది. బీమా సంస్థ పంపే సర్వేయరు చూడకముందు మాత్రం పని మొదలుపెట్టనివ్వకూడదు.

అసలు బాగు చేయించాలా, అమ్మేయాలా

ఈ ప్రశ్న అడిగితే ఇంట్లో నిశ్శబ్దం అలుముకుంటుంది. బయట పల్లకీ మోత, ఇంట్లో ఈగల మోత అనే సామెత ఎవరూ పైకి అనరు గానీ అందరికీ గుర్తొస్తుంది. భావోద్వేగాన్ని పక్కన పెట్టి నెల ఖర్చు వేసుకోవడం మంచిది. మా కారుకు బీమా, సర్వీసు, టైర్ల అరుగుదల కలిపి నెలకు సుమారు 2,800. డీజిల్ విడిగా 4,500. నా భార్య ఉద్యోగం గుంటూరులో, ఆమె వారంలో నాలుగు రోజులు వెళ్లాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద నిర్ణీత రకాల ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచే ఉంది. మరమ్మతు చేయించకుండా అమ్ముకుంటే సెటిల్‌మెంట్ చివరి విడతలు రెండూ తీరిపోయి ఇంకా మిగిలేది. మా అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్ లేకపోయి ఉంటే నేను అమ్మేసేవాణ్ణి. ఆటోలో ఆమెను తీసుకువెళ్లిన రెండు వారాలు చూశాక ఉంచుకున్నాను.

అమ్మాలనుకునేవారు చెడిన కారును అలాగే అమ్మడమా, బాగు చేసి అమ్మడమా అని కూడా ఆలోచించాలి. క్లచ్ జారుతున్న కారుకు కొనేవాడు మరమ్మతు ఖర్చుకు రెట్టింపు తగ్గించి అడుగుతాడు, ఎందుకంటే అతనికి అసలు లోపం ఎంతో తెలియదు. నడిచే స్థితికి తెచ్చి అమ్మడమే సాధారణంగా లాభం, పెయింటు జోలికి మాత్రం పోనక్కర్లేదు. కారు మీదే రుణం ఉంటే ఫైనాన్స్ సంస్థ నుంచి ఫారం 35 (ఆర్‌సీలోని రుణం నమోదును తీసేయించేది), నిరభ్యంతర పత్రం వచ్చేదాకా ఆర్‌సీలో పేరు మారదు. దానికి పట్టే రోజులు ముందే కలుపుకోవాలి.

సెటిల్‌మెంట్ పూర్తయిన తరువాత నా నెల పట్టికలో "కారు" అని ఒక వరుస కొత్తగా చేర్చాను, 1,500 రూపాయలు, ఈఎంఐల వరుస పక్కనే. బ్యాంకుతో వాయిదా మొత్తం మాట్లాడుకునేటప్పుడే ఈ వరుస చూపించి ఉండవలసింది. అద్దె, బియ్యం, ఫీజులు చూపించాను గానీ ఇది తట్టలేదు. బ్యాటరీకి వచ్చే జనవరికి నాలుగేళ్లు నిండుతాయి. వెనక టైర్లు రెండూ అరుగుదల గుర్తు దగ్గరకు వచ్చాయి. బీమా గడువు మార్చి 18.